మంద నిలవాలంటే బలగం ఉండాలి



ఇవాళ ఒక సినిమాతో మొదలుపెడదాం. సినిమాకూ పశువుల దొడ్డికీ ఏం సంబంధమయ్యా అంటారేమో. ఉన్నది, చెప్తాను వినండి.

2023 మార్చిలో ‘బలగం’ అనే చిత్రం విడుదలయింది. తీసినవారు వేణు ఎల్దండి. కథ చిన్నదే. కొమురయ్య అనే ముసలాయన కన్నుమూస్తాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఊరంతా గుసగుసలు. కారణమేమిటయ్యా అంటే, ఇంటి అల్లుడు ఎన్నో ఏండ్ల కిందట విందులో నల్లి బొక్క దగ్గర అలిగి వెళ్లిపోయాడు. ఆడబిడ్డకు పుట్టిల్లు దూరమయింది. చూస్తుంటే నవ్వొస్తుంది, చివరకు కన్నీళ్లూ వస్తాయి. చాలా ఊళ్లలో తెరలు కట్టి, జనమంతా ఒకచోట కూర్చుని చూశారు.

ఇక మన సంగతి. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు నల్లమల అంచున పొడ తూర్పు పశువులున్నాయి. తెల్లని ఒంటిమీద ఎర్రని పొడలు, అందుకే ఆ పేరు. ఎక్కువగా లంబాడీ సోదరులు వీటిని మందలుగా సాకుతారు. పాలు కొద్దే, ఎడ్లకు మాత్రం పెట్టింది పేరు. 2020లో దీనిని దేశీయ పశుజాతిగా గుర్తించారు. గుర్తింపు వచ్చినంత మాత్రాన జాతి నిలుస్తుందా? నిలిపేది మంద, మందను నిలిపేది కుటుంబం.

లెక్క చూడండి. అన్నదమ్ములిద్దరికి కలిపి నలభై పశువులున్నాయనుకుందాం. మాటామాటా పెరిగి చెరి ఇరవై పంచుకున్నారు. నలభైని మేపడానికి ఒక కాపరి సరిపోయేవాడు. ఇరవైకీ ఒక కాపరి కావాల్సిందే. దొడ్లు రెండు, కాపలా రెండు. ఉన్న మంచి ఆంబోతు ఒకటే. అది అన్నకు పోతే తమ్ముడు దొరికిన కోడెతో సరిపెట్టుకుంటాడు. జాతి చెడేది అక్కడే.

ఇంకొక మాట. ఒకే ఆంబోతును ఏండ్ల తరబడి ఉంచుకున్నా ముప్పే. దాని పెయ్యలే ఎదకొచ్చేనాటికి దానిని మార్చాలి. లేకుంటే రక్తం కలిసి దూడలు బలహీనపడతాయి. మార్చాలంటే ఎక్కడినుంచి తెస్తారు? బావ మందలోనుంచో, మేనమామ మందలోనుంచో తెచ్చుకోవాలి. బావతో మాటలే లేకుంటే ఎట్లా అడుగుతారు? నల్లి బొక్క దగ్గర అలిగిన అలక చివరికి దూడ మీద పడుతుంది!

వేరుపడవద్దని నేననడం లేదు. కుటుంబాలు పెరుగుతాయి, పొయ్యిలు వేరవుతాయి. కాని మూడు పనులు చెయ్యండి. ఏ ఆవు ఎవరిదో నలుగురి ముందు కాగితం మీద రాసుకోండి. మేపు మాత్రం కలిపి ఉంచుకుని, కాపరి ఖర్చు తలల లెక్కన పంచుకోండి. ఆంబోతును ఉమ్మడిగా సాకండి. అమ్మాలన్నా, మార్చాలన్నా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

గద్వాల, వనపర్తి వైపు గొర్ల మందలున్న సోదరులకూ ఈ మాటే వర్తిస్తుంది. పొట్టేలుకైనా అదే నీతి.

కొమురయ్య ఇంట్లో అందరూ ఒక్కటైనాకనే కాకి ముట్టింది. మనం అందాకా ఆగాలా? పెద్దాయన బతికుండగానే, ఆయన కండ్ల ముందే, ‘అన్నా, తిన్నవా?’ అని ఒక్కమాట అడిగి చూడండి. మంద దానంతటదే దారిన పడుతుంది.