నిధులు బడి గడప దాటాలె

(షామ్‌బర్గ్‌ల జరిగిన తెలంగాణ అవతరణ దినోత్సవ సభల చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటలు మీకు కొత్తగా చెప్పేటియి కావు. నీళ్ల మీద మాట్లాడేటోళ్లు మస్తు మంది ఉన్నరు. నియామకాల మీద ప్రతి ఎన్నికలల్ల మాట్లాడుతరు. నేను ఇయ్యాల నడిమి మాట మీద, అందుల గూడ ఒక్క ముక్క మీద మాట్లాడుత. పేద పిల్లల చదువు కోసమని పేరు పెట్టి ఇచ్చే అదనపు నిధులు బడి దాకా పోతున్నయా? పోతే, అక్కడ ఏం పని చేస్తున్నయి?

మన కొట్లాట మొదలైందే ఇసొంటి లెక్క అడిగి. 1956 పెద్దమనుషుల ఒప్పందంల తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణ అభివృద్ధికే ఖర్చు పెట్టాలని రాసుకున్నరు. పదమూడేండ్లకు, 1969ల, ఆ మిగులు ఎంతనో తేల్చడానికి జస్టిస్ భార్గవ కమిటీ వేయాల్సి వచ్చింది. అంటే కాగితం మీద హక్కు ఉన్నది, చేతికి పైస రాలేదు. ఇచ్చినమని రాసుకొని ఇంకో తాన వాడుకోవటానికే మళ్లింపు అని పేరు. ఆ మాట అర్థం కావటానికి మనకు ఆర్థికశాస్త్రం చదవాల్సిన పని పడలేదు.

ఇప్పుడు మనం కూసున్న ఈ ఊరి సంగతి చూద్దాం. ఇల్లినాయిస్‌ల బడి ఖర్చు ఎక్కువ భాగం ఆ ఊరి ఆస్తి పన్ను నుంచి వస్తది. షామ్‌బర్గ్‌కు వుడ్‌ఫీల్డ్ మాల్ ఉన్నది, గోల్ఫ్ రోడ్డు పొడుగునా ఆఫీసులున్నయి. వాటి పన్ను మన పిల్లల బడికి చేరుతది. మనం ఇల్లు కొనేటప్పుడు డిస్ట్రిక్ట్ 54, డిస్ట్రిక్ట్ 211 అని నంబర్లు అడిగి కొన్నది అందుకే గదా! చికాగో దక్షిణాన హార్వీ లాంటి ఊళ్లు ఉన్నయి. అక్కడ ఆస్తుల విలువ తక్కువ. జనం పన్ను రేటు ఎక్కువ కట్టినా బడికి వచ్చేది సరిపోదు. పుట్టిన ఊరిని బట్టి పిల్లగాని చదువుకు ధర కట్టినట్టు. ఈ ముచ్చట మనకు ఎక్కడో విన్నట్టే ఉంటది.

ఈ తేడా తగ్గించటానికి 2017 ఆగస్టు 31న అప్పటి గవర్నర్ బ్రూస్ రౌనర్ ఒక చట్టం మీద సంతకం చేసిండు. దాని పద్ధతి కొంచెం ఓపికగా వినండి, మనకు పనికొస్తది. ప్రతి డిస్ట్రిక్టుకు, అక్కడ చదివే పిల్లలను బట్టి, సరిపోయే ఖర్చు ఎంతనో 34 అంశాల మీద లెక్క కడుతరు. మామూలు పిల్లలైతే మూడో తరగతి దాకా 20 మందికి ఒక టీచరు. పేదింటి పిల్లలైతే 15 మందికే ఒక టీచరు. నాలుగు నుంచి పై తరగతులకు ఇదే లెక్క 25, 20. ఇవి గాక ప్రతి 125 మంది పేద పిల్లలకు, వెనుకబడ్డోళ్లను పట్టుకొని చదివించే టీచరు ఒకరు. పిల్లల మంచి చెడ్డ చూసే కౌన్సెలర్ లాంటి ఉద్యోగి ఇంకొకరు. ప్రతి 120 మందికి బడి వదిలినంక చదివించటానికి ఒకరు, ఎండాకాలం బడికి ఒకరు. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలకు గూడ ఇట్లనే వేరే లెక్క ఉన్నది. ఇంట్ల తెలుగు మాట్లాడి బడికి పోయిన మన పిల్లలు కొందరు ఆ లెక్కలకే వస్తరు.

ఆ సరిపోయే ఖర్చుకు ఎవరు ఎంత దూరంల ఉన్నరో చూసి డిస్ట్రిక్టులను నాలుగు వరుసలు చేస్తరు. ఏటా కొత్తగా పంచే పైసలల్ల సగం అందరికన్నా వెనుకున్న మొదటి వరుసకు పోతది. 49 శాతం మొదటి, రెండో వరుసలకు కలిపి. మిగిలిన రెండు వరుసలకు కలిపి ఒక్క శాతం. కానీ ఎవరికీ నిరుడు వచ్చింది తగ్గదు. ఉన్నోళ్ల పళ్లెంలది గుంజుకోకుండా, కొత్తగా వండింది ముందు ఆకలైనోళ్లకు వడ్డించినట్టు.

దీన్ని నేను మెచ్చుకునుడే పనిగా పెట్టుకోలేదు. ఈ లెక్క వల్ల పైస డిస్ట్రిక్టుకు పోతది గానీ, ఆ 125 మందికి ఆ టీచరును పెట్టే తీరాలని డిస్ట్రిక్టుకు హుకుం లేదు. 2027 నాటికి అన్ని డిస్ట్రిక్టులను 90 శాతం దాకా తేవాలన్నది లక్ష్యం. ఎన్నో డిస్ట్రిక్టులు ఇంకా దూరంలనే ఉన్నయి. అయినా ఒక మంచి మాట ఆ చట్టంల ఉన్నది: పేద పిల్లగానికి సమానంగా ఇస్తే సరిపోదు, ఎక్కువ ఇయ్యాలె. ఎంత ఎక్కువనో మనుషుల లెక్కల రాసిన్రు. ఇన్ని కోట్లు అని గాక, ఇంత మందికి ఒక టీచరు అని రాసిన్రు.

అమెరికాల గూడ ఈ పద్ధతులు ఉత్తగ రాలేదు. 1965 ఏప్రిల్ 11న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తను చిన్నప్పుడు చదువుకున్న టెక్సాస్ ఊరి బడి ముందు, తన మొదటి పంతులమ్మను పక్కన కూసుండబెట్టుకొని, విద్యా చట్టం మీద సంతకం చేసిండు. అందుల టైటిల్ వన్ అనేది పేద పిల్లల కోసం ఇచ్చే కేంద్ర నిధి. నాలుగేండ్లు దాటినంక, 1969ల, రూబీ మార్టిన్, ఫిలిస్ మెక్‌క్లూర్ అనే ఇద్దరు ఆడవాళ్లు లెక్కలు తవ్వి ఒక నివేదిక బయట పెట్టిన్రు. పేద పిల్లల పేరు మీద వచ్చిన పైసలతోటి చాలా డిస్ట్రిక్టులు మామూలు ఖర్చులు ఎల్లదీసుకున్నయి. కొన్ని చోట్ల ఈత కొలనులు గూడ కొన్నరు. ఆ గొడవ తర్వాతనే నియమాలు గట్టిపడ్డయి: ఈ నిధి ఇప్పటికే ఇయ్యాల్సిన దానికి పైన కలపాలె, దాని జాగల పెట్టొద్దు. ముందు పేద బడికి మిగతా బడులతోటి సమానంగా ఇయ్యి, ఆ తర్వాత ఇది అదనంగా ఇయ్యి.

చికాగో ముచ్చట ఇంకా దగ్గరిది. పేద పిల్లల కోసం రాష్ట్రం ఇచ్చే నిధిని అక్కడి బోర్డు ఏండ్ల తరబడి మామూలు ఖర్చులకు, పై ఆఫీసుకు వాడుకుంటున్నదని తల్లిదండ్రులు, ఉద్యమ సంఘాలు లెక్క తీసి నిలదీసిన్రు. 1987ల 19 రోజుల టీచర్ల సమ్మె జనం ఓపికను ఖతం చేసింది. 1988ల చట్టం వచ్చింది. ఆ నిధి నేరుగా బడికి రావాలన్నరు. ప్రతి బడికి ఒక స్థానిక మండలి. అందుల ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దరు ఊరోళ్లు, ఇద్దరు టీచర్లు, ఒక ప్రిన్సిపల్. ప్రిన్సిపల్‌ను ఎంచుకునే హక్కు, బడి ప్రణాళికను, ఖర్చును ఒప్పుకునే హక్కు ఆ మండలికి ఇచ్చిన్రు. అంటే మళ్లింపు ఆగాలంటే పై అధికారి మంచోడైతే చాలదు, లెక్కల బుక్కు తల్లి చేతికి రావాలని వాళ్లు తెలుసుకున్నరు.

నేను మొదటిసారి ఒక టైటిల్ వన్ బడి తల్లిదండ్రుల మీటింగుల కూసున్నప్పుడు ప్రిన్సిపల్ గోడ మీద ఒక చిన్న పట్టిక చూపెట్టింది. ఇంత వచ్చింది, ఇద్దరు రీడింగ్ టీచర్ల జీతానికి ఇంత, సాయంత్రం క్లాసుకు ఇంత, తల్లిదండ్రుల కార్యక్రమాలకు ఇంత. నా పక్కన మెక్సికో నుంచి వచ్చిన ఒకామె లేచి, నిరుడు ఆ రీడింగ్ టీచరు దగ్గర చదివిన పిల్లలల్ల ఎంత మంది తరగతి స్థాయికి వచ్చిన్రని అడిగింది. ప్రిన్సిపల్ కాగితం తీసి జవాబు చెప్పింది. పది నిమిషాల ముచ్చట. మన ఊరి బడిల ఆ పది నిమిషాలు ఎప్పుడు వస్తయా అనుకున్న.

ఇగ మన ఇంటికి వస్తున్న. మన దగ్గర చట్టాలకు కరువు లేదు. ఎస్సీ, ఎస్టీల జనాభా ఎంత శాతమో బడ్జెట్‌ల అంత శాతం వాళ్ల కోసం పక్కకు పెట్టాలన్న పద్ధతి 1970ల నుంచే ఉన్నది. పక్కకు పెట్టినట్టే పెట్టి మళ్లించుడు గూడ అప్పటి నుంచే ఉన్నది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ ఆటలకు దళితుల నిధులు మళ్లిన సంగతి అప్పటి హోం మంత్రి చిదంబరం రాజ్యసభల ఒప్పుకున్నడు. దళిత సంఘాలు ఏండ్లకేండ్లు కొట్లాడితే 2013ల ఉమ్మడి రాష్ట్రంల ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. స్వరాష్ట్రం వచ్చినంక 2017ల దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చినం. ఒక ఏడాది ఖర్చు గాని పైస వచ్చే ఏడాదికి కలపాలన్నది అందుల మంచి అంశం. కానీ ఈ చట్టం లెక్క శాఖ దగ్గర ఆగిపోతది. ఏ శాఖకు ఎంత ఇచ్చినమో కనబడతది. ఏ ఊరి బడిల ఏ పిల్లకు ఏం అందిందో కనబడదు.

గురుకులాలల్ల మాత్రం అదనపు పైస పిల్ల దాకా చేరింది, ఈ మాట గర్వంగా చెప్పాలె. 1971ల పీవీ నరసింహారావు సర్వేల్‌ల మొదటి గురుకులం మొదలుపెట్టిండు. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంల చదువుకుంటనే 2014 మే 25న, 13 ఏండ్లకు, ఎవరెస్ట్ ఎక్కింది. రాష్ట్రం ఇంకో ఎనిమిది రోజులకు పుట్టింది. పిల్లకు తిండి, పక్క, పుస్తకం, నమ్మే పంతులు దొరికితే ఏం జరుగుతదో పూర్ణను చూస్తే తెలుస్తది. అక్కడ గూడ లెక్క జారితే ముందు దెబ్బ తినేది పిల్ల పళ్లెమే. ఏండ్ల తరబడి పెరగని మెస్ చార్జీలు 2024ల 40 శాతం పెంచి, మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 నుంచి 1,330 రూపాయలు చేసిన్రు. రోజుకు 45 రూపాయల లోపే. ధరలు పెరిగిన ఏండ్లల్ల ఆ పిల్లలు ఏం తిన్నరో మీరే ఆలోచించండి.

కానీ గురుకులం సీటు ఐదో తరగతి ప్రవేశ పరీక్షల నెగ్గినోళ్లకు. రానోళ్లు ఊరి బడిలనే ఉంటరు. వాళ్లకు ఏమిస్తున్నం? సమగ్ర శిక్ష కింద బడికి వచ్చే గ్రాంటు తలల లెక్క మీద వస్తది. 30 మంది లోపు ఉంటే ఏడాదికి 10 వేలు, 100 మంది దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు. అవసరం లెక్క అందుల లేదు. కొంచెం ఉన్నోళ్లు ప్రైవేటు బడి బస్సు ఎక్కుతరు, చురుకైనోళ్లు గురుకులానికి పోతరు, ఆఖరుకు మిగిలేది కూలోళ్ల పిల్లలు, తండా పిల్లలు. ఎంత మంది తగ్గితే గ్రాంటు అంత తగ్గుతది. ఇల్లినాయిస్ లెక్కకు ఇది సరిగ్గ ఉల్టా. 2022ల చదవటం, రాయటం, లెక్కలు నేర్పేటందుకు తొలిమెట్టు తెచ్చిన్రు, ఆలోచన మంచిదే. కానీ ఐదు తరగతులకు ఒక్క పంతులే ఉన్న బడిల వెనుకబడ్డ పిల్లగాన్ని పక్కన కూసుండబెట్టుకొని చదివించేది ఎవరు? నెలకు 12 వేలకు పని చేసిన విద్యా వలంటీర్లను గూడ కరోనా నాడు బడులు మూసినంక మళ్లీ తీసుకోలేదు.

ఇప్పుడు మన సంగతి. 2022ల మన ఊరు మన బడి మొదలైనప్పుడు ఎన్నారైలను గూడ చందాలు అడిగిన్రు. పది లక్షలిస్తే తరగతి గదికి పేరు, కోటి ఇస్తే బడికే పేరు. గది కావాలె, మరుగుదొడ్డి కావాలె, కాదనను. కానీ మన గుణం మనకు తెలుసు: గేటు కట్టిస్తం, కమాను కట్టిస్తం, శిలాఫలకం మీద నాయిన పేరు చూసుకొని ఫొటో దిగుతం. చదువు రాని పిల్లగానికి రోజు గంట సేపు చదువు చెప్పిన మనిషికి శిలాఫలకం ఉండదు. గోడలు పాఠం చెప్పయి.

అందుకే మూడు పనులు అడుగుత.

మొదటిది, ఊరి బడికి పైసలు పంపే ముందు బడి అభివృద్ధి ప్రణాళిక అడగండి. 2009 విద్యా హక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం దాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ తయారు చేయాలె. 21వ సెక్షన్ ప్రకారం కమిటీల ముప్పావు వంతు తల్లిదండ్రులు ఉండాలె, గ్రాంట్లు ఎట్ల ఖర్చవుతున్నయో చూసుడు వాళ్ల పని. చికాగో తల్లులు కొట్లాడి తెచ్చుకున్న హక్కుల ఒక ముక్క మన తల్లులకు చట్టంల రాసే ఉన్నది. 2024ల వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలల్ల సంఘం అక్కలున్నరు. పొదుపు లెక్క తప్పకుండ రాసే ఆ అక్కలకు బడి లెక్క చదువుడు కష్టం గాదు. వాళ్ల ముందట ఆ లెక్క పెట్టేటోళ్లు కావాలె.

రెండోది, మనిషి కోసం ఇయ్యండి. ఒక్క ఊరిని పట్టుకొని, అదే ఊరి చదువుకున్న ఆడబిడ్డకు మూడేండ్లు జీతం ఇయ్యండి. బడి వదిలినంక మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు చదువు, లెక్కలు. మొదటి రోజు ఎంత మంది ఒక పేరా చదువుతరు, ఏడాదికి ఎంత మంది చదువుతరు, గోడ మీద రాయాలె. సర్కారు ఇయ్యాల్సిన పంతులు జాగల ఈమెను పెట్టొద్దు. మన పైస పైన కలపాలె.

మూడోది, సర్కారును లెక్క అడుగుదాం, ఏ పార్టీ ఉన్నా సరే. 2006 నుంచి మన ఊళ్లల్ల ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. కూలోళ్ల పేర్లు, పైసల లెక్క ఊరందరి ముందు చదివిన్రు. అదే పని బడి నిధులకు చేయమందాం. ప్రత్యేక అభివృద్ధి నిధి ఏ బడికి ఎంత వచ్చిందో ఆ బడి గోడ మీద రంగుతో రాయమందాం. ఇంగ్లండ్‌ల 2011 నుంచి పేద పిల్లల కోసం తల లెక్కన అదనపు నిధి ఇస్తున్నరు. దాన్ని ఎట్ల వాడుతున్నదో ప్రతి బడి తన వెబ్‌సైట్‌ల పెట్టాలె. మనకు వెబ్‌సైట్ అక్కరలేదు. సున్నం కొట్టిన గోడ చాలు.

హైదరాబాద్ నుంచి మన వాటా మనకు రావాలని కొట్లాడినం. ఇప్పుడు హైదరాబాద్ మనది. అక్కడి నుంచి వెళ్లిన పైస తండా బడిల ఆఖరు వరుస పిల్ల దాకా పోయేదాక ఆ కొట్లాట అయిపోయినట్టు గాదు.

జై తెలంగాణ!