201వ యూనిట్
మాదాపూర్, కొండాపూర్ ఫ్లాట్లలో చాలామంది ఇంటి నుంచే పనిచేస్తున్నారు. పగటి ఏసీ ఖర్చు ఇంటి మీటరు మీదే పడుతుంది. కానీ బిల్లు ఒక్కసారిగా ఎగబాకిందంటే ముందు స్లాబు చూడండి. 2022 ఏప్రిల్ నుంచి తెలంగాణలో అమలైన టారిఫ్ ప్రకారం 200 యూనిట్లకు కరెంటు చార్జీ 820 రూపాయలు. 201 అయితే? మొదటి యూనిట్ నుంచే రేటు మారి, 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కు రెండు వందల పైచిలుకు! ప్రతి ఇంటికీ తెలియాల్సిన లెక్క ఇది. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం అదనం.

తర్వాత బిల్లులోని రీడింగును సెల్లారులోని మీటరుతో పోల్చండి. ఫ్లాటు మెయిన్ ఆపినా మీటరు లైటు మిణుకుమంటోందా? వైరింగులో లీకేజీ కావచ్చు, వేరొకరి లైను మీ మీటరుకు కలిసి ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. మీటరు మీదే అనుమానముంటే 1912కు ఫోన్ చేయండి.