కాటి సీను

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు పది నిమిషాలు ఇచ్చారు. "నువ్వు ఇంజనీరువి గదా, పిల్లలకు పనికొచ్చేట్టు ఏదైనా చెప్పు" అన్నారు. నేను వంతెనల గురించి మొదలుపెడితే అయిదో నిమిషానికి సగం మంది కునుకు తీస్తారు. అందుకని, నన్ను ఒక రాత్రి తెల్లవార్లూ మేలుకోబెట్టిన సంగతి చెబుతాను. నేను చూసిన మొదటి నాటకం. అది ఈ గ్రౌండులోనే జరిగింది.

మా అమ్మాయి లండన్లో ఉద్యోగం చేస్తోంది. ఆ మధ్య మేం వెళ్తే అక్కడి లైసియం థియేటర్లో 'లయన్ కింగ్' చూపించింది. అంతా పాటల మీద నడిచే నాటకం. జంతువులు జనం మధ్యలోంచి నడిచి స్టేజీ ఎక్కుతాయి. బయటికొచ్చాక, "నాన్నా, స్టేజీ మ్యూజికల్ చూడ్డం నీకు ఇదే మొదటిసారి గదా" అంది. "కాదమ్మా, ఆరో తరగతిలోనే చూశాను, నడికుడిలో" అన్నాను. పకపకా నవ్వింది. పద్యనాటకం అంటే ఏమిటో ఆమెకు చెప్పేసరికి ఇల్లు వచ్చింది.

1980 ప్రాంతం. శివరాత్రి జాగారం. అప్పటికి నడికుడి జంక్షన్ కాలేదు. బీబీనగర్ లైను ఇంకా రాలేదు. గుంటూరు నుంచి మాచర్ల వెళ్ళే మీటర్ గేజ్ బండి మాత్రం పొగ వదులుకుంటూ వచ్చేది. ఆ సాయంత్రం బండిలోంచి పరదాల కట్టలు, ట్రంకు పెట్టెలు, ఒక కాళ్ళ హార్మోనియం దిగాయి. వాటి వెనకాల నటులు దిగారు. మెడకు మఫ్లరు చుట్టుకుని బీడీ కాలుస్తున్న బక్కపల్చటి మనిషిని చూపించి, "ఆయనే హరిశ్చంద్రుడు" అన్నారు ఎవరో. నేను నమ్మలేదు.

నాటకం 'సత్య హరిశ్చంద్ర'. రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు, మన పాత గుంటూరు జిల్లా మనిషి. ఆడవేషాలకు పేరుపడ్డ బాపట్ల స్థానం నరసింహారావు గారు, 'ఈలపాట' రఘురామయ్య గారు కూడా ఈ జిల్లా వాళ్ళే. 1880లలో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు తెలుగు నాటకంలో పద్యాలూ పాటలూ పెట్టి ఆడించారు. అక్కడ అంటుకున్న నిప్పు మన పల్లెల్లో తొంభై, వంద ఏళ్ళు ఆరలేదు.

ఇప్పటి పిల్లల కోసం రెండు ముక్కలు చెప్పాలి. నాటకం రాత్రి పదింటికి మొదలైతే కోడి కూసేదాకా సాగేది. హరిశ్చంద్రుడు ఒక్కడు కాదు. అడవి సీనుకు ఒకరు, కాశీలో భార్యాబిడ్డల్ని అమ్ముకునే సీనుకు ఒకరు, కాటి సీనుకు ఇంకొకరు. లావుపాటి రాజుగారు లోపలికి వెళ్ళి సన్నపాటి రాజుగా తిరిగొచ్చినా జనం పట్టించుకునేవాళ్ళు కాదు. పద్యం ఎత్తుకోవడమే తెలియాలి, చివర రాగం తియ్యడం తెలియాలి. నచ్చితే "వన్స్‌మోర్" అని కేక. చచ్చిపడి ఉన్న లోహితాస్యుడు కూడా ఆ కేకకు ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు, నేను చూశాను. మధ్యలో నాటకం ఆపి, ఫలానా వారు అయిదు రూపాయలు చదివించారని మైకులో చెప్పేవాళ్ళు.

ఆ రాత్రి నక్షత్రకుడు అప్పు కోసం రాజుగారిని సతాయిస్తుండగా కరెంటు పోయింది. మైకు మూగబోయింది. పెట్రోమాక్సు లైట్లు తెచ్చి పెట్టారు. హరిశ్చంద్రుడు హార్మోనియం వైపు చూసి తల ఊపి, ఇంకాస్త పైకి ఎత్తుకున్నాడు. వెనక గోడ దగ్గరున్న వాళ్ళకు కూడా అక్షరం అక్షరం వినపడింది. దాచేపల్లి దాకా వినపడిందని మా నాయనమ్మ చాలా ఏళ్ళు చెప్పుకుంది. మన చెవి 2000 నుంచి 5000 హెర్ట్‌జ్ మధ్య శబ్దాన్ని బాగా పట్టుకుంటుందని తర్వాత కాలేజీలో చదివాను. మైకులు లేని రోజుల్లో పుట్టిన ఆ నటులు అంత హెచ్చు శ్రుతిలో ఎందుకు పాడేవారో అప్పుడు తెలిసింది. ఏ పుస్తకమూ చదవకుండా ఆ లెక్క వాళ్ళ గొంతు కనిపెట్టింది.

కాటి సీను వచ్చేసరికి నేను నాయనమ్మ ఒళ్ళో నిద్రపోతున్నాను. "లెయ్యరా, అసలు నాటకం ఇప్పుడే" అని ఒక్క చరుపు చరిచింది. కళ్ళు తెరిస్తే నల్లటి పరదా, చితులు, పుర్రెలు, భుజాన గొంగళి, చేతిలో కర్ర. సాయంత్రం బీడీ కాల్చిన ఆ బక్కపల్చటి మనిషే. రాజ్యం పోయి, ఆలిని అమ్మి, తనను తాను అమ్ముకుని కాటికాపరి అయ్యాడు. చచ్చిన కొడుకును చేతుల్లో పెట్టుకుని వచ్చిన చంద్రమతిని, సొంత భార్యని, కాటి సుంకం కట్టమంటున్నాడు. గ్రౌండంతా వెక్కిళ్ళు. నేనూ ఏడ్చాను.

తర్వాత వారంలో తెలుగు మాస్టారు 'నేను చూసిన నాటకం' అని వ్యాసం రాయమన్నారు. గాంధీగారు చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి, దాన్ని మనసులో ఎన్నిసార్లు ఆడుకున్నారో చెప్పారు. 1913లో ఫాల్కే గారు మన దేశంలో మొదటి కథాచిత్రం తీసినప్పుడు కూడా ఈ కథనే ఎంచుకున్నారని చెప్పారు. నేను ఒళ్ళు మరిచి రాశాను. "అంతటి మహారాజు కాటికాపరి వంటి నీచమైన పని చేయవలసి వచ్చినందుకు నా కన్నీరు ఆగలేదు" అని ముగించాను. మాస్టారు లేపి చదివించారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చునేవాడు కొట్టలేదు. కుళ్ళు అనుకున్నాను.

మర్నాడు నోటుబుక్కు తిరిగొచ్చింది. 'నీచమైన' అన్న మాట ఎర్ర సిరాతో కొట్టేసి, పైన 'కష్టమైన' అని రాసి ఉంది. అక్షరదోషం కాబోలనుకున్నాను. ఆ రోజు మాస్టారు పాఠం పక్కన పెట్టి జాషువా గారి గురించి చెప్పారు. కాటి సీనులో మనం విన్న గొప్ప పద్యాలు బలిజేపల్లి వారు రాసినవి కావని, మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారి 'స్మశానవాటిక' పద్యాలని, నటులే వాటిని తెచ్చి నాటకంలో కలుపుకున్నారని చెప్పారు. చిన్నప్పుడు కులం పేరుతో ఆయన పడిన అవమానాలు చెప్పారు. రాజూ పేదా, కవీ చిత్రకారుడూ అందరూ చివరికి కలిసే చోటని, అంటరానితనం అడుగు పెట్టలేని చోటని ఆ కవి స్మశానాన్ని ఎందుకు మెచ్చుకున్నాడో ఆలోచించమన్నారు. నేను ఆలోచించలేదు. పరీక్షకు రాదని తెలిసి ఊరుకున్నాను.

ఇక మూడేళ్ళ కిందటి మాట. మా నాన్నగారు పోయారు. కాటికి తీసుకెళ్ళేసరికి సాయంత్రమైంది, పైగా తుంపర. చితి సరిగ్గా అంటుకోలేదు. కూలికి వచ్చిన కుర్రాళ్ళకు పని చేతకావడం లేదు. వెనక నుంచి ఒకతను వచ్చి, పొడుగాటి వెదురు కర్ర అందుకుని, కట్టెలు రెండు పక్కకు జరిపి, గాలి ఆడేట్టు సర్దాడు. పావుగంటలో మంట లేచింది. చూస్తే ఆరో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి ఇప్పుడు మేస్త్రీ అయ్యాడు.

జనం వెళ్ళిపోయాక ఇద్దరం తుమ్మచెట్టు కింద తడుస్తూ నిలబడ్డాం. "ఈ పని నీకెట్టా వచ్చురా?" అన్నాను.

"మా నాయన పని ఇదే గదరా. నీకు తెలవదా?"

నాకు తెలియదు. అయిదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాను, నాకు తెలియదు.

వాడే చెప్పాడు. ఆ శివరాత్రి వాడూ వాళ్ళ నాయనా వెనక గోడ దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నారట. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అక్కడ గీతా గీయలేదు. అయినా అందరికీ తెలుసు. కాటి సీనులో ఊరంతా ఏడుస్తుంటే వాళ్ళ నాయన నవ్వాడట. "అంత పొట్టి కర్రతో చితి ఎగదోస్తే చేతులు కాలవూ" అన్నాడట. ఇంకాసేపటికి, "ఆ రాజు తెల్లారేసరికి మళ్ళీ రాజైపోతాడు లేరా, మనకు తెల్లారితే మళ్ళీ ఇదే పని" అన్నాడట. కానీ జాషువా గారి పద్యాలు వచ్చినప్పుడు మాత్రం మాట్లాడకుండా లేచి నిలబడి విన్నాడట. ఎవరివో తెలియకుండానే.

"నీ వ్యాసం చదివిన రోజు ఇంటికి పోయి మా నాయనకు చెప్పలేదురా" అన్నాడు. కోపంగా కాదు. మామూలుగా.

నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడానికి, "ఇక్కడికొస్తే అందరూ ఒకటే గదరా, జాషువా గారు చెప్పినట్టు" అన్నాను. వాడు మంట వైపు చూస్తూ, "మీ వాళ్ళందర్నీ మా నాయన ఇక్కడ కాల్చాడు. మా నాయనను వాగు అవతల పూడ్చాం" అన్నాడు.

ఆ రాత్రి నాకు ఎర్ర సిరా అర్థమైంది. మా మాస్టారు క్లాసులో నన్ను తిట్టలేదు. తిడితే నా పక్కనున్నవాడు అందరి కళ్ళలో పడతాడని ఆయనకు తెలుసు. ఒక్క మాట దిద్ది, జాషువా గారిని క్లాసులోకి తీసుకొచ్చి వదిలారు. నాకు అర్థం కావడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఆయన ఈ రోజు వేదిక మీద లేరు. ఉంటే ఆ నోటుబుక్కు తెచ్చి చూపించేవాణ్ణి.

వాడు ఇప్పుడు ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. ఆ వ్యాసం చప్పట్ల మధ్య చదివాను కాబట్టి ఈ మాట కూడా అందరి ముందే చెప్పాలి. ఒరేయ్, ఆ మాట తప్పు. నన్ను మన్నించు.

మన్నింపు అడుగుతానని ముందే ఫోన్లో చెబితే వాడు ఏమన్నాడో కూడా చెప్పి ముగిస్తాను. "అదంతా ఎందుకు గానీ, వానొస్తే నిలబడను అక్కడ ఒక రేకుల షెడ్డు వేయించు. చేతులు కడుక్కోను కుళాయి పెట్టించు. ఇంజనీరువి గదా" అన్నాడు. కొలతలు తీసుకున్నాను. కాటి దగ్గర ఒకటి, వాగు అవతల ఒకటి, రెండు చోట్లా ఒకే కొలత, ఒకే సామాను. ఎస్టిమేటు సంఘం కార్యదర్శి గారికి ఇచ్చాను. చందా పుస్తకంలో మొదటి పేరు ఎవరిదన్న దాని మీద నాకూ వాడికీ పొద్దున్నుంచీ గొడవ. మీరు తీర్చాలి.

రాత్రి 9 గంటలకు ఇదే గ్రౌండులో 'సత్య హరిశ్చంద్ర' ఉంది. కుర్చీలన్నీ ఒకే వరుసల్లో వేయించారు. కాటి సీను దాకా నిద్రపోకండి. హరిశ్చంద్రుడి చేతికి ఈసారి పొడుగాటి వెదురు కర్ర ఇవ్వమని వాడు కాంట్రాక్టరుకి ముందే చెప్పాడు.