బడి ఈడు బిడ్డ మాటాడకున్నచో

(కరీంనగరమున గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మురుగు కాలువలు, మంచినీటి పథకములు మొదలగు విషయములను గూర్చి నిన్నటినుండి మీరు వినుచున్నారు. నేడు నేను చెప్పబోవునది ఏ పంచాయతీ తీర్మానముల పుస్తకమునందును సాధారణముగా కానరాదు. బడిలో చేర్పవలసిన ఈడు వచ్చియు మాటాడని బిడ్డను, లేక మాటాడినను మనతో మాటాడని బిడ్డను గూర్చిన విషయమిది. అట్టి బిడ్డలలో కొందరికి ఆటిజము అను స్థితి యుండును. అది ఉన్నదో లేదో తెలిసినవారిచేత పరీక్ష చేయించుటకు పంచాయతీ సభ్యుడు ఏమి చేయగలడన్నదే నేటి ప్రసంగ విషయము.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకొనవలసి యున్నది. 2014 జూన్ నెలలో, బడులు తెరచిన వారమున, నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న బడికి ఒక తల్లి ఐదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. ఆమె బీడీలు చుట్టి జీవించునది; భర్త గల్ఫులో నుండెను. పిల్లవాడు నా టిఫిను డబ్బా మూతను తీసికొని నేలపై గిరగిర త్రిప్పుచు కూర్చుండెను. పేరు పెట్టి నాలుగుసార్లు పిలిచినను తల యెత్తలేదు. ఆ తల్లి చెప్పసాగెను: "సారూ, వానికి చెవులు మంచిగనే ఇనవడతయి. బిస్కట్ పుడ చప్పుడైతే అర్రలకెల్లి ఉరికొస్తడు. ఏదన్న గావాల్నంటె నా చెయ్యివట్టి గుంజుకపోతడు గని ఏలువెట్టి సూపెట్టడు. రెండేండ్లప్పుడు అమ్మ, అత్త అన్నడు. గవి గూడ పోయినయి." నేను సగము వింటిని. ప్రవేశముల పట్టిక పూరించు తొందరలో, "మాటలు వచ్చిన తరువాత తీసికొని రావమ్మా" అని పంపివేసితిని.

మరుసటి యేడును అంతే జరిగినది. మూడవ యేట, ప్రత్యేకావసరములు గల పిల్లల కొరకు మండలమునందు నియమింపబడిన ఉపాధ్యాయురాలు ఆ యింటికి పోయి, వారిని మొదట చెవి పరీక్షకును, పిదప సికిందరాబాదునకును పంపెను. చెవులలో లోపము లేదు. బాలునికి ఆటిజము ఉన్నదని తేలినది. అచ్చటి నిపుణులు తల్లిని ఏమేమి అడిగిరో నేను తరువాత తెలిసికొంటిని. అందులో సగమునకు పైగా ప్రశ్నలకు సమాధానములు ఆమె మొదటి దినముననే నా బల్ల యెదుట నిలిచి చెప్పియుండెను. నావలన ఆ బిడ్డకు రెండేండ్లు పోయినవి.

ఆటిజము అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, గాలి సోకుట కాదు. పుట్టుకకు ముందునుండియే మెదడు ఎదుగుటలో కలుగు ఒక భేదము. అమెరికాలో బాల్టిమోరు నగర వైద్యుడు లియో కానర్ 1943లో పదకొండుగురు పిల్లలను గూర్చి వ్రాసి దీనిని మొదట విశదపరచెను. ఆ పిదప కొంతకాలము, తల్లి ప్రేమగా చూడకపోవుటచే బిడ్డ ఇట్లగునని పెద్ద పెద్ద వైద్యులే చెప్పిరి. ఆ మాట తప్పని తేలి దశాబ్దములు గడచినవి. అయినను మన యిండ్లలో అత్తగారు కోడలిని, గల్ఫునుండి ఫోనులో భర్త భార్యను నేటికిని అదే మాట అనుచున్నారు. టీకాల వలన వచ్చునన్న వదంతి యొకటి కలదు. అందుకు మూలమైన 1998 నాటి వ్యాసమును, ప్రచురించిన పత్రికయే 2010లో రద్దుచేసినది. సెల్‌ఫోను చూపుట తగ్గించుట మంచిదే. కాని ఫోను మాన్పించి చూతమని ఏడాది గడుపరాదు. 2021 లెక్క ప్రకారము ప్రపంచమున సుమారు 127 మందిలో ఒకరికి ఈ స్థితి యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కావున మా యూర అట్టివారు లేరని ఏ సర్పంచి యైనను అనినచో, లేరని కాక, కనబడలేదని నేను తలంచెదను.

గుర్తించుట ఎట్లు? పేరు పిలిచిన తిరిగి చూడకుండుట. ఎగురు పక్షిని, పోవు బస్సును వ్రేలితో చూపి "అదుగో" అనకుండుట. మన మాటనే తిరిగి మనకు అప్పగించుట. చక్రములు త్రిప్పుట, చెప్పులను వరుసగా పేర్చుట వంటి పనులలో గంటలు గడపుట. కంచము మారినను దారి మారినను భరింపలేకుండుట. డప్పు మ్రోతకు, మైకు చప్పుడుకు చెవులు మూసికొని ఏడ్చుట. వచ్చిన మాటలు పోవుట. ఇవన్నియు ఒకే బిడ్డయందు ఉండనక్కరలేదు. ఒకటి రెండు ఉన్నంతమాత్రమున ఆటిజమనియు చెప్పరాదు. కొందరు ధారాళముగా మాటాడుదురు గాని, ఎదుటివారి మాటతో తమ మాటను కలుపలేరు. ఆడపిల్లల విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను. మూలన ఒదిగి కూర్చున్న పిల్లను చూచి "బుద్ధిమంతురాలు" అని మనము సంతోషింతుము.

ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపు సభ్యులకు వేరుగా ఒక మాట చెప్పవలెను. గోండి, కొలామి, మరాఠీ మాటాడు ఇండ్లనుండి వచ్చిన బిడ్డ తెలుగు బడిలో నెలల తరబడి నోరు విప్పకపోవచ్చును. ఇంటివద్ద తాతతో, మేకలు కాయు స్నేహితులతో తన భాషలో కలకలలాడు బిడ్డకు ఆటిజమని పేరు పెట్టుట అన్యాయము. ఆ బిడ్డకు కావలసినది తన భాష తెలిసిన ఉపాధ్యాయుడు. కానర్ వ్యాసము వెలువడిన 1943లోనే మన మార్లవాయి గూడెమున హైమెండార్ఫ్ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రమును ప్రారంభించుటకు కారణ మదియే. అయితే తన యింటి భాషలోను మాటాడని బిడ్డను, "భాష రాక ఊరకున్నాడు" అని విడిచిపెట్టుటయు అంతే అన్యాయము. కావున మొదటి ప్రశ్న: ఇంటివద్ద, ఇంటి భాషలో, ఈ బిడ్డ ఎట్లుండును? పరీక్షకు పోవునపుడు ఆ భాష తెలిసిన ఆశా కార్యకర్తయో, అంగన్‌వాడీ టీచరో తోడుపోవుట అవసరము.

పరీక్ష యనగానే రక్తము తీయుదురని, తలకు తీగలు తగిలింతురని తల్లులు భయపడుదురు. ఆటిజమును తేల్చు రక్తపరీక్ష లేదు, ఫోటో లేదు. మూర్ఛలు మొదలగునవి ఉన్నచో వైద్యుడు వేరు పరీక్షలు కోరవచ్చును. మొదట చెవులు చూతురు, ఏలయన వినబడని బిడ్డయు పిలిచిన పలుకడు. పిదప బిడ్డను ఆటవస్తువుల నడుమ విడిచి గమనింతురు. తల్లిదండ్రులను పుట్టినప్పటినుండి జరిగినదంతయు అడుగుదురు. భారతీయ పిల్లల కొరకు సికిందరాబాదులోని జాతీయ సంస్థయే ఒక కొలమానమును రూపొందించినది. ఆ సంస్థ 1984లో స్థాపింపబడి, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అను పేర పనిచేయుచున్నది. కొలమానమున 40 అంశములు కలవు. ఒక్కొక్కదానికి 1 నుండి 5 వరకు మార్కులు. మొత్తము 70కి లోపున్నచో ఆటిజము లేదని అర్థము. ఆ యంశములలో చాలవరకు ఇంటివారు చెప్పవలసినవే. కావున తల్లి చెప్పు మాటలను బయలుదేరక మునుపే ఒక కాగితముపై వ్రాయించి ఇచ్చుట ఎంతో మేలు. ఏ నెలలో నడచెను, మొదటి మాట యేది, ఎప్పుడు పోయినది, దేనికి భయపడును — ఇంతమాత్రము చాలును. చదువువచ్చిన వార్డు సభ్యుడు అరగంటలో వ్రాసి యీయగలడు.

ఇక దారి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లలను చూడవలెనని నియమము. ఎదుగుదల లోపములు కనిపించినచో జిల్లా కేంద్రములోని డి.ఇ.ఐ.సి.కి చీటి వ్రాసి పంపుదురు. కాని చిక్కెక్కడనగా, బృందము వచ్చిన దినమున సరిగా ఆ బిడ్డయే ఉండడు. చుట్టములలో నగుబాటని ఇంటిలో ఉంచుదురు. బృందము వచ్చు తేదీని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి ముందుగా తెలిసికొని, ఆ యింటికి ఒక మహిళా సభ్యురాలు స్వయముగా పోయి చెప్పుట పంచాయతీ చేయగల పనులలో మొదటిది. 2023 డిసెంబరునుండి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు రుసుము లేదు గనుక ఛార్జీల భారము కొంత తగ్గినది. అయినను ఆదిలాబాదునుండి హైదరాబాదునకు మూడువందల కిలోమీటర్లు; చప్పుడు సహింపలేని బిడ్డతో ఆ ప్రయాణము సామాన్యము కాదు. బీడీలు చుట్టు తల్లికి ఆ దినముల కూలి పోవును. జిల్లాలోనే జరుగగల పరీక్షకు రాజధాని వరకు త్రిప్పకుండుట మంచిది.

మన గ్రామములలో మరియొక పొరపాటు కలదు. పరీక్ష యనగా వైకల్య ధృవపత్రము, ధృవపత్ర మనగా పింఛను అని తలంతురు. శాతము నలుబదికి తక్కువ వచ్చినచో "పోయినందుకు ఫలము లేద"ని తిరిగి వత్తురు. ఇవి రెండు వేరు పనులు. బిడ్డకు ఏది వచ్చును, ఏది రాదు, ఎట్లు నేర్పవలెనని తెలిసికొనుట పరీక్ష. సౌకర్యముల కొరకు ప్రభుత్వ మిచ్చు పత్రము వేరు. దానికి యూడీఐడీ దరఖాస్తు చేయవలెను. పత్రము రాకున్నను, పరీక్షలో తెలిసినది బిడ్డకు ఉపయోగించును. అట్లే, ఆటిజమును మాయము చేయు మందుగాని సూదిగాని లేదు. అట్టిది కలదని వేలు గుంజువాని వలన మీ గ్రామస్థులు పొలము కుదువ పెట్టకుండ చూడుడు. మేలు చేయునది నేర్పుటయే: బొమ్మలు చూపి దినచర్య తెలుపుట, మాటకు ముందు సైగ నేర్పుట, ఒక్కొక్క పనిని చిన్న చిన్న మెట్లుగా విభజించుట. ఇందుకై మండలములలో భవిత కేంద్రములు కలవు.

పరీక్ష ముగియువరకు బడిలో చేర్చుకొనమని ఎవరైన అన్నచో ఏమి చేయవలెను? 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల ప్రతి బిడ్డకును చెందును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును తన 21 వైకల్యములలో చేర్చి, ప్రభుత్వ బడులును గుర్తింపు పొందిన బడులును వివక్ష లేక చేర్చుకొనవలెనని చెప్పుచున్నది. కాగితము వచ్చువరకు ఆగుమనుట చెల్లదు. ఆ బిడ్డకు ఆరేండ్లు వచ్చిన మరుసటి యేడు నేను చేసిన పనియు చట్టవిరుద్ధమే. అప్పుడు నాతో ఆ మాట చెప్పినవారు ఊరిలో ఒక్కరును లేకుండిరి. మీ యూరి ప్రధానోపాధ్యాయునకు మీరు చెప్పవచ్చును, మర్యాదగానే చెప్పవచ్చును. పాపము, ఒక్క ఉపాధ్యాయుడు అన్ని తరగతులు చూచు బడులలో ఆయన కష్టమును కూడ గ్రహింపవలెను. భవిత ఉపాధ్యాయుడు వారమున ఏ దినము వచ్చునో అడిగి వ్రాసికొనుడు. రాకున్నచో మండల విద్యాధికారికి పంచాయతీ పేర జాబు వ్రాయుడు. పిల్లవానిని కొట్టుట చట్టము నిషేధించినది.

ఒక్క విషయమున మాత్రము మీరు వెనుకకు నిలువవలెను. గ్రామసభలో మైకు ముందు ఆ బిడ్డ పేరు చదువరాదు. నేనెరిగిన ఒక గ్రామమున సదుద్దేశముతోనే అట్లు చదివిరి. మరునాటినుండి ఆ తల్లి బిడ్డను గడప దాటనీయలేదు.

నేను త్రిప్పి పంపిన బాలుడు ఏడేండ్లు నిండిన పిదప బడిలో చేరెను. ఇప్పుడు బస్సుల బోర్డులన్నియు చదువును. ఏ బస్సు ఎన్ని గంటలకు వచ్చునో అడిగినవారికి చెప్పును. క్రొత్తవారితో నేటికిని మాటాడడు. గల్ఫునుండి తండ్రి ఫోను చేసినపుడు ఫోనును చెవివద్ద ఉంచుకొని వినును, బదులు చెప్పడు. తండ్రి యిప్పుడు బదులు కొరకు పట్టుపట్టుట మానెనట.

ఈ జిల్లాల డి.ఇ.ఐ.సి.లు, భవిత కేంద్రములు ఉన్న స్థలముల పట్టిక మీకందరికి పంచబడును. ఎవరి గ్రామములోనైన అట్టి బిడ్డ యున్నచో, పేరు చెప్పక, నన్ను విరామ సమయమున వేరుగా కలిసికొనవలెనని కోరుచున్నాను.