బోనస్ గీత దాటితే లాభమెంత?

కూతకు వెళ్లిన ఆటగాడు బోనస్ గీతకు ఆవల కాలు మోపి, ఎవరినీ తాకకుండానే తిరిగి వస్తే దానిని నేర్పు అనాలా, జంకు అనాలా? బద్వేలులో గాని పోరుమామిళ్లలో గాని కబడ్డీ ఆడే కళాశాల విద్యార్థులు నలుగురు చేరినచోట ఈ తగవు ఒక పట్టాన తెగదు. యోగి వేమన విశ్వవిద్యాలయపు అంతర కళాశాలల పోటీలకు జట్టును సిద్ధం చేసే వ్యాయామోపాధ్యాయునికి ఇది కాలక్షేపపు తగవు కాదు. చేతనున్న కొద్ది సాయంకాలాలలో పిల్లలకు బోనస్ నేర్పాలా, మనిషిని తాకి రావడం నేర్పాలా అన్నది ఆయన తేల్చుకొనక తప్పదు.

చెడుగుడు మాత్రమే ఎరిగిన పెద్దలకోసం నియమం చెబుతాను. పురుషుల బరిలో నడిమి గీతకు 3.75 మీటర్ల దూరాన బాక్ గీత, దానికి ఒక మీటరు లోపల బోనస్ గీత ఉంటాయి. ఎదుట ఆరుగురో ఏడుగురో నిలిచి ఉన్నప్పుడు కూతగాడు ఒక పాదం బోనస్ గీతకు ఆవల మోపి, రెండవ పాదం నేలకు తగలకుండా ఎత్తి ఉంచితే ఒక పాయింటు. ఆ తరువాత పట్టుబడినా ఆ పాయింటు పోదు. అయితే పట్టినవారికీ ఒకటి వస్తుంది, ఇతడు బయట కూర్చుంటాడు. మన పల్లెల మట్టి బరులలో సున్నపు గీత నాలుగు కూతలకే చెరిగిపోతుంది. కాలు పడిందా లేదా అని రేగే రభసకు అంతుండదు. ఆ మాట అటుంచుదాం.

బోనస్‌ను మెచ్చేవారి వాదం తేలికగా తోసివేయదగినది కాదు. ఆట 40 నిమిషాలు, కూత 30 సెకన్లు. ప్రతి కూతా పూర్తి వ్యవధి తీసుకుంటే ఒక్కొక్క పక్షానికి దక్కేవి 40 కూతలే. ఒట్టి చేతులతో తిరిగి వచ్చిన ప్రతి కూతా నష్టమే. 2014లో మొదలైన ప్రో కబడ్డీ పోటీలలోనైతే వరుసగా రెండు కూతలు ఒట్టివైతే, మూడవదానిలో పాయింటు తేలేనివాడు ఔటవుతాడు. ఇక ఒక్క పాయింటు ఏమి చేయగలదో 2018లో జకార్తా ఆసియా క్రీడలలో చూశాము. ఆ క్రీడలలో అంతవరకు ఓటమి ఎరుగని భారత పురుషుల జట్టును దక్షిణ కొరియా 24–23తో ఓడించింది.

అయినా లెక్క అక్కడితో పూర్తి కాదు. మనిషిని తాకి వచ్చిన కూతకు రెండు ఫలాలున్నాయి: ఎదుటివాడు ఒకడు బయటికి పోతాడు, బయట కూర్చున్న మనవాడు ఒకడు బ్రతికి లోపలికి వస్తాడు. బోనస్‌కు ఈ రెండూ లేవు. అది పలకమీద అంకెను మార్చుతుందే గాని బరిలోని బలాన్ని మార్చదు. ఏడుగురినీ తాకి బయటికి పంపితే ఏడు పాయింట్లు, ఆలౌటుకు మరి రెండు. బోనస్‌లు ఎన్ని తెచ్చినా ఆలౌటు రాదు. మన పక్షాన ఒక్కడే మిగిలి, బోనస్ తెచ్చాడనుకోండి. చప్పట్లు మ్రోగుతాయి, మరుక్షణం ఎదుటి కూతగాడు వచ్చినప్పుడు వాడు ఒంటరిగానే నిలవాలి.

అమెరికా విశ్వవిద్యాలయాలలో చదువుతున్న మన పిల్లలు అక్కడి ఫుట్‌బాల్‌లోనూ ఇటువంటి వాదమే వింటుంటారు. పేరు ఫుట్‌బాల్ అయినా అది బంతిని చేతబట్టి ముందుకు సాగే ఆట. పది గజాలు సాగడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. మైదానపు అంచున నిలిచే వైడ్ రిసీవర్‌కు బంతిని దూరంగా విసరక, తరచు ఆట మొదలైన గీతకు వెనుకనే అందించడం ఒక ఎత్తు. దానిని స్క్రీన్ పాస్ అంటారు. తోటివారు ఎదుటివారిని అడ్డగిస్తూండగా అతడు పరుగుతీసి నాలుగైదు గజాలు సంపాదిస్తే చాలునని కొందరు, విలువైన ప్రయత్నం ఒకటి దండుగ అయిందని కొందరు. తెలిసిన శిక్షకులు మాత్రం దానిని ఎరగా వాడతారు. ఆ దగ్గరి బంతికోసం ఎదుటివారు ముందుకు ఉరకడం అలవాటయ్యాక, అదే భంగిమ చూపి బంతిని వారి వెనుకకు విసురుతారు.

బోనస్‌కు కూడా అసలు విలువ అక్కడే ఉన్నదని నా అభిప్రాయం. బోనస్‌కై చాచిన కాలిని అందుకొనడానికి మూలనున్న కార్నర్ ఆటగాడు ముందుకు వంగుతాడు. చీలమండ చిక్కితే కూతగాని పని సరి. కాని ఆ వంగడంలోనే అతని చేయి, తల కూతగానికి అందుబాటులోకి వస్తాయి. రెండుసార్లు నిజంగా బోనస్ తీసుకున్నవాడు మూడవసారి కాలు చాచినట్లే చాచి, వెనుకకు తీసి, వంగినవానిని చేతితో తాకి రావచ్చును. తాకడం చేతకానివాడని తెలిస్తే ఎదుటివారు వానికి వంగరు; కదలక వేచి ఉండి, తిరిగిపోయే దారిని గొలుసుకట్టి మూసివేస్తారు.

టెలివిజన్ చూసి బోనస్ ఒక్కటే నేర్చిన కుర్రవాని అసలు కష్టం ఎదుటివారు ఐదుగురికి తగ్గినప్పుడు బయటపడుతుంది. మరొక రెండు మూడు మంచి కూతలతో ఆలౌటు చేయగల ఘడియ అది. వానికి తెలిసిన గీతకు అప్పుడు విలువ లేదు. అందుచేత బద్వేలు జట్లకు నేర్పే ఉపాధ్యాయులు వారంలో మూడు సాయంకాలాలైనా ఎదుట ఐదుగురినే నిలిపి పిల్లలను కూతకు పంపడం మేలు. ఆరవవానిని, ఏడవవానిని ఆ తరువాత చేర్చవచ్చును.