జవాబుదారీ బీమా పత్రమునకు హద్దులు



భూమి కొనునపుడు మన గ్రామ పెద్దలు దస్తావేజునందు మొట్టమొదట చూచునది షెడ్యూలు. తూర్పున ఎవరి పొలము, దక్షిణమున ఏ కాలువ, పడమట ఏ బాట, ఉత్తరమున ఎవరి దొడ్డి, విస్తీర్ణమెంత అనునవి సరిపోయిన పిమ్మటనే తక్కిన వాక్యములు చదువుదురు. హద్దులు తప్పిన దస్తావేజు ఎంత ఖరీదుగల స్టాంపు కాగితముపై వ్రాసినను కొఱగాదని వారెఱుగుదురు. అట్టి పెద్దలే, గ్రామమున బియ్యపు మిల్లు పెట్టిన కుమారుడో, మేనల్లుడో బీమా పత్రము తెచ్చి చూపినపుడు, "బీమా ఉన్నది గదా, ఇంక భయమేమి?" అని దానిని చదువకయే పెట్టెలో పెట్టించుచున్నారు. బీమా పత్రమునకును హద్దులు గలవు. అవియు మొదటి పుటయందే, షెడ్యూలు అను పేరుతోనే యుండును. ఆ పుటను చదువు విధమును నేడు మీకు మనవి చేసెదను.

ఈ బీమా ఎట్టిదో ముందు తెలిసికొందము. మిల్లు కాలిపోయిన యెడల యజమానికి సొమ్మిచ్చునది అగ్ని బీమా. మిల్లు వలన పరులకు, అనగా బాటసారికో, పొరుగింటివానికో, ధాన్యము తెచ్చిన రైతునకో, ప్రాణమునకుగాని సొత్తునకుగాని హాని కలిగి, అందులకై యజమాని పరిహారము చెల్లింపవలసి వచ్చినపుడు ఆ భారమును వహించునది జవాబుదారీ బీమా. మొదటిది తన సొత్తునకు రక్షణము. రెండవది పరులయెడ తనకేర్పడు ఋణమునకు రక్షణము.

ఈ ఋణము కొత్తగా పుట్టినది కాదు. ఇంగ్లండు దేశమున, లాంకషైరు సీమలో, ఒక మిల్లు యజమాని తన మిల్లునకు నీరు కావలెనని చెఱువు కట్టించెను. దాని యడుగున పాతబడిన గని బిలములుండెను. నీరు వాని గుండా పాఱి పొరుగువాని బొగ్గు గనిని ముంచెను. ఆ బిలముల సంగతి యజమాని యెఱుగడు. ఐనను, హాని చేయజాలు వస్తువును తన స్థలమునకు తెచ్చి నిలిపినవాడు, అది హద్దు దాటి పోయినపుడు కలుగు నష్టమునకు బాధ్యుడని అచ్చటి ప్రభువుల సభ 1868లో తీర్పు చెప్పెను.

మన దేశమున 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలు నగరమున విషవాయువు వెలువడి వేలకొలది ప్రజలు మృతి నొందిరి. 1986 డిసెంబరులో మన సుప్రీము కోర్టు వేఱొక వ్యాజ్యమునందు, అపాయకరమైన పరిశ్రమను నడుపువారి బాధ్యతకు మినహాయింపులే లేవని నిర్ణయించెను. పిదప ప్రజా జవాబుదారీ బీమా చట్టము వచ్చి, 1991 ఏప్రిలు 1 నుండి అమలైనది. ప్రభుత్వ ప్రకటనలో చెప్పిన పరిమాణమునకు మించి అపాయకర పదార్థములను ఉంచువారు ఈ బీమా తీసికొనక తప్పదు. బాధితుడు యజమాని తప్పిదమును రుజువు చేయనక్కఱలేదు. ప్రమాదము జరిగిన 5 సంవత్సరములలోపల జిల్లా కలెక్టరునకు దరఖాస్తు పెట్టుకొనిన చాలును. 2020 మే 7 వేకువజామున విశాఖపట్టణము చేరువ వేంకటాపురమున స్టైరీను ఆవిరి గ్రామముపై క్రమ్మి ప్రాణములు తీసినపుడు, ఇట్టి ప్రమాదము మన వాకిటికిని రాగలదని మనకు తెలిసివచ్చినది.

ఆ చట్టము పుట్టిననాడు మృతుని కుటుంబమునకు నిర్ణయింపబడిన సహాయము 25,000 రూపాయలు. చట్టము 2023లో సవరింపబడినది. అది తక్షణ సహాయమేగాని తుది పరిహారము గాదు. అంతకు మించిన నష్టమునకు న్యాయస్థానము నాశ్రయించు హక్కు బాధితునికి నిలిచియే యుండును. మన గ్రామములలోని చిన్న మిల్లులు, కల్యాణమండపములు, దుకాణములు పెక్కింటికి ఆ చట్టపు నిర్బంధము లేదు. బీమా తీసికొనుట వారి ఇచ్ఛ. కాని పరులకు హాని కలిగినపుడు పుట్టు ఋణము మాత్రము ఇచ్ఛాధీనము గాదు.

ఇక మొదటి పుటను చదువుదము. దానికి నాలుగు హద్దులు.

మొదటి హద్దు మనిషి. బీమా ఎవరి పేరనున్నదో చూడవలయును. మిల్లు తండ్రి పేరను, వ్యాపారము ఇద్దఱన్నదమ్ముల భాగస్వామ్యమునను ఉండి, పత్రము ఒక్కని పేరనే యున్నచో, తక్కినవానిపై దావా వచ్చినపుడు కంపెనీ తనకు సంబంధము లేదనవచ్చును.

రెండవ హద్దు స్థలము. సర్వే నంబరుతో, వీధి పేరుతో చెప్పిన స్థలమునకే రక్షణము. మిల్లునకు వ్రాయించి, ఊరి చివఱ అద్దెకు తీసికొనిన గోదామును వ్రాయింపనిచో, గోదాము గోడ కూలినపుడు ఆ పత్రము పనికిరాదు.

మూడవ హద్దు వ్యాపారము. బియ్యము ఆడించుట అని వ్రాయించి, తరువాత ఉప్పుడు బియ్యమునకై బాయిలరు పెట్టినచో, ఆ సంగతి కంపెనీకి తెలిపి పత్రమున చేర్పింపవలయును. చేర్పింపని బాయిలరు పేలినపుడు వివాదము తప్పదు.

నాలుగవ హద్దు కాలము. ఇందు ఒక మెలిక కలదు. మన దేశమున అమ్మబడు జవాబుదారీ పాలసీలలో పెక్కు, ప్రమాదము జరిగిన దినమునేగాక పరిహారము కోరిన దినమును గూడ చూచును. కోరిక పాలసీ నడుచు కాలముననే రావలయును. ప్రమాదము షెడ్యూలునందు వ్రాసిన పూర్వపు తేదీకి తరువాతనే జరిగియుండవలయును. పాలసీని ఏటేట ఎడతెగక కొనసాగించినచో ఆ తేదీ నిలిచియుండును. ఒక్క సంవత్సరము మానినచో పాత సంవత్సరముల రక్షణమంతయు జాఱిపోవచ్చును.

హద్దుల తరువాత విస్తీర్ణము. ఇచ్చట అది సొమ్ము. షెడ్యూలులో సామాన్యముగా రెండు మొత్తములుండును. ఒకటి ఒక్కొక్క ప్రమాదమునకు మితి. రెండవది సంవత్సరమంతటికి మితి. ఉదాహరణమునకు ఒక మిల్లు పాలసీలో ప్రమాదమునకు 5 లక్షలు, సంవత్సరమునకు 10 లక్షలు అని యున్నదనుకొనుడు. బస్తాల వరుస కూలి రైతు గాయపడగా 8 లక్షల పరిహారము తేలినది. కంపెనీ ఇచ్చునది 5 లక్షలే. 3 లక్షలు యజమానివి. అదే యేట గోడ పడి పొరుగిల్లు చెడినది. నష్టము 4 లక్షలు. అంతయు కంపెనీయే ఇచ్చును. మూడవసారి 3 లక్షల నష్టము వచ్చెను. అప్పటికే కంపెనీ 9 లక్షలు చెల్లించినది గనుక ఇంక 1 లక్ష మాత్రమే ఇచ్చును. 2 లక్షలు యజమానివి. మొత్తము 15 లక్షలలో 10 కంపెనీవి, 5 యజమానివి.

ఇందు మఱి రెండు సంగతులు గమనింపుడు. ఒకే ప్రమాదమున పదిమంది గాయపడినను ఆ 5 లక్షలే పదిమందికిని. తలకు 5 లక్షలు గాదు. కోర్టు ఖర్చులును పెక్కు పాలసీలలో ఈ మితిలోనివే. ఇవిగాక ఎక్సెసు అని మఱియొక అంకె యుండును. అది 10,000 అని యున్నచో, ప్రతి ప్రమాదమునందును మొదటి 10,000 రూపాయలు యజమాని భరింపవలయును. పై లెక్కలో నేను దానిని చేర్చలేదు.

ఈ మితి కంపెనీ చేతికేగాని యజమాని ఋణమునకు మితి గాదు. 8 లక్షలకు డిక్రీ వచ్చినచో ఆ 3 లక్షలకు పొలముపైకి, ఇంటిపైకి జప్తు రావచ్చును. ప్రీమియములో కొంత మిగులునని తక్కువ మితికి వ్రాయించుకొనువారు ఈ మాట మఱువరాదు.

ఇక ప్రకటనల సంగతి. షెడ్యూలులో అచ్చుపడిన ప్రతి విషయమునకును మూలము యజమాని సంతకము చేసిన ప్రపోజలు ఫారము. పనివారెందఱు, యేటి వ్యాపారమెంత, ఏ యంత్రములు గలవు, పూర్వము ప్రమాదములు జరిగినవా అను ప్రశ్నలకు యజమాని ఇచ్చిన సమాధానములను నమ్మియే కంపెనీ ప్రీమియము కట్టును. బీమా ఒప్పందము పరిపూర్ణ విశ్వాసముపై నిలిచినది. అడిగిన ముఖ్య విషయమును దాచినచో ఒప్పందమే చెడును. మన గ్రామములలో ఏజెంటు ఫారమును పూరించుట, యజమాని ఖాళీ కాగితముపై చేవ్రాలు చేయుట వాడుక. ఎవరు పూరించినను ఆ మాటలు సంతకము చేసినవానివే యగును. కావున చదివించుకొని సంతకము చేసి, నకలు తీసి పాలసీతో కలిపి ఉంచవలయును.

ఈ బీమా పరిధిలో లేనివియు గలవు. మిల్లు కూలీలకు కలుగు హాని దీనిలోనిది గాదు. దానికి వేఱు చట్టమును, వేఱు బీమాయు గలవు. లారీ వలన రోడ్డుపై కలుగు హాని మోటారు బీమాకు చెందును. తెలిసి చేసిన చట్టోల్లంఘనమునకు రక్షణము లేదు.

కడపట, పెద్దలగు మీకే ముఖ్యముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. ప్రమాదము జరిగిన సాయంకాలముననే రచ్చబండ వద్ద కూర్చుండి, యజమానిచే తప్పొప్పించి, ఇంత ఇచ్చునట్లు కాగితము వ్రాయించుట మన మర్యాద. ఇరువురకును మేలు కోరియే మీరట్లు చేయుదురు. కాని జవాబుదారీ పాలసీలలో ఒక షరతు కలదు. కంపెనీ వ్రాతపూర్వక సమ్మతి లేనిదే యజమాని తప్పును అంగీకరింపరాదు, పరిహారము ఒప్పుకొనరాదు, రాజీపడరాదు. ఆ రాత్రి వ్రాసిన కాగితమును చూపి కంపెనీ సొమ్ము నిరాకరింపవచ్చును. అప్పుడు యజమాని చెల్లింపలేడు, బాధితునకు చేరదు, మీ రాజీ ఇరువురకును చేటు తెచ్చినదగును. గాయపడినవానిని ఆస్పత్రికి చేర్చుట, మందులు, భోజనము చూచుట ఏ షరతును అడ్డదు. అది వెంటనే చేయింపుడు. ఆ దినముననే కంపెనీకి వ్రాతమూలమున తెలియజేయింపుడు. ధరలు, లెక్కలు, రాజీమాటలు వారి సమ్మతి వచ్చిన పిమ్మట జరిపింపుడు.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మన సామెతలలోని అవివేకము. ప్రమాదము జరిగిన తరువాత షెడ్యూలు చదువుటయు అట్టిదే. మీ గ్రామమున మిల్లు, మండపము, గోదాము గలవారిని పిలిచి ఆ మొదటి పుటను తెప్పింపుడు. మనిషి, స్థలము, వ్యాపారము, కాలము సరిపోయినవో లేదో చూడుడు. రెండు మొత్తములు ఆ వ్యాపారము చేయగల హానికి చాలునో చాలవో విచారింపుడు. చాలనిచో, హద్దు తప్పినచో, పాలసీని మార్పించుకొనుటకు నేడు సమయమున్నది.