మారే వెలుగులో బెలుం నేల

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలకు వెళ్లినప్పుడు చాలామంది గుహలోకి దిగాకే కెమెరా తీస్తారు. పైనున్న మెట్టనేలను కూడా ఒకసారి చూడండి. చదునైన చేల మధ్య బావిలాంటి గొయ్యే గుహకు వాకిలి.

ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే ఫొటోలో నేల చప్పగా, పాలిపోయినట్టు ఉంటుంది. పొద్దు పొడిచేటప్పుడో, వాలేటప్పుడో కెమెరాను నేలకు దగ్గరగా పెట్టి తీయండి. ఏటవాలు వెలుగులో నెర్రె అంచు మెరుస్తుంది, లోపల నీడ నిండుతుంది. తొలకరికి అదే నేల తడిసి నిగనిగలాడుతుంది. చలికాలంలో శనగచేలు పచ్చగా పరుచుకుంటాయి. ఒకే చోట నిలబడి మూడు కాలాల్లో తీయండి, మూడు ఊళ్లు చూసినట్టుంటుంది.

ఇక గుహల్లోకి దిగుదాం. 1884లో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహల గురించి రాశారు. వీటి పొడవు 3,229 మీటర్లు. లోపల కాలాలు మారవు, ఉన్నది దీపాల వెలుగే. కెమెరాను కదలకుండా నిలిపి, షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచండి. సున్నపురాయిని మాత్రం తాకకండి. యుగాల పాటు నీళ్లు చెక్కిన రాయి అది. ఫొటోతో పాటు దాన్నీ పదిలంగా ఉంచుదాం.